మాస్టారు వేసుకున్న మాత్ర

“ఈ మాత్ర ఎవరైనా వేసుకున్నారా?”

దర్జీ లేచి నిలబడి, చేతిలోని డబ్బా అందరికీ కనబడేలా పైకెత్తి అడిగింది.

గుండ్రంగా వేసిన కుర్చీల్లో కూర్చున్న వాళ్ళందరిదీ ఒకటే జబ్బు. ఎముకల్లోని మూలుగ గట్టిపడిపోయి, రక్తం తయారుచేసే పని పొట్టలోని ప్లీహం నెత్తిన పడి, అది ఉబ్బిపోతుంది. రక్తపు కాన్సరే, కానీ లక్షమందిలో ఒకరికి కూడా రాదట. “ఎవరికీ రానిది నాకే వచ్చింది, అదృష్టమంటే నాదే” అని దర్జీ ఏడవలేక నవ్వుతుండేది.

ఆసుపత్రి నర్సు నెలకోసారి వీళ్ళని కూర్చోబెట్టే ఈ గదిలో ఒక అలవాటుంది. డాక్టరు కొత్త మందు రాస్తే, మింగే ముందు ఇక్కడ అడగాలి. వేసుకున్నవాళ్ళు చెయ్యెత్తి సంగతి చెప్పాలి.

ఒక్క చెయ్యి లేచింది.

అది తికమక మాస్టారిది. అందరూ నవ్వు ఆపుకున్నారు. ఎన్నో ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన ఆయన, మాట్లాడితే మాత్రం ఏ లెక్కా తేలదు. చివర చెప్పాల్సింది ముందు చెప్పి, ముందు చెప్పాల్సింది మరిచిపోతారు. ఆ పేరు పెట్టినవాళ్ళలో దర్జీ కూడా ఉంది.

“నేను వేసుకున్నానమ్మా. ఏడాది పైనే.”

“పనిచేసిందా?”

“అబ్బే, రవ్వంత కూడా చెయ్యలేదు. ప్లీహం బొడ్డు దాకా దిగింది.”

“అయితే వద్దంటారా?”

“అదేంటమ్మా! నిక్షేపంగా వేసుకో. నాకు పనిచెయ్యలేదు కాబట్టే కదా చెప్తున్నాను.”

గదంతా గొల్లున నవ్వింది. దర్జీకి అరికాలి మంట నెత్తికెక్కింది.

“ఇదేం మాటండీ? మీకు పనిచెయ్యనిది నేనెందుకు మింగాలి?”

“అక్కడికే వస్తున్నా. అప్పుడు మాలో సగం మందికి...”

“మీకో దండం మాస్టారూ! నా ప్రాణంతో పరాచికాలొద్దు. కూర్చోండి.”

మాస్టారు సాయం కోసం నర్సు కుర్చీ వైపు చూశారు. ఆవిడ టీ తేవడానికి వెళ్ళింది. ఆయన ఏదో అనబోయి, ఊరుకుని, కూర్చున్నారు.

ఇంటికెళ్ళి దర్జీ డబ్బాని కుట్టుమిషను సొరుగులో పడేసింది.

డాక్టరు వేసుకోమంటాడు. వేసుకున్నాయన పనిచెయ్యలేదంటూనే వేసుకోమంటాడు. ఎవరి మాట నమ్మాలి? డాక్టర్ని మళ్ళీ అడుగుదామంటే వెర్రిదాన్నంటాడేమోనని బెరుకు.

“మందు వేసుకున్నావా?” భర్త అడిగాడు.

“వేసుకున్నాలే.”

వారాలు గడిచాయి. రెండు ముద్దలు తినేసరికి కడుపు నిండిపోయేది. ఒంటిమీద నీళ్ళు పడితే చాలు, చీమలు పాకినట్టు దురద. నడుం దగ్గర బట్టలు పట్టెయ్యడంతో, తన కుట్లు తనే విప్పి వదులు చేసుకుంది.

“మందు బాగానే పట్టినట్టుంది. కాస్త ఒళ్ళు చేశావు!” అన్నాడు భర్త సంబరంగా.

దర్జీ భోరుమంది. ఆ పెరిగేది ఒళ్ళు కాదని ఆవిడకి తెలుసు. ఆ పూటే సొరుగు లాగి, ఏదైతే అదే అవుతుందని మొదటి మాత్ర మింగింది.

ముందు దురద పోయింది. తర్వాత ఆకలి వచ్చింది. ప్లీహం తగ్గిందని డాక్టరు చేత్తో నొక్కి చూసి మరీ చెప్పాడు. విప్పిన కుట్లన్నీ ఆవిడ మళ్ళీ బిగించుకుంది.

అంత సంతోషంలోనూ మాస్టారు గుర్తొస్తే ఒళ్ళు మండేది. ఆయన మాట విని ఉంటే ఏమైపోయేదాన్ని అనుకునేది. అంతలోనే, ఆయన వేసుకోమనే అన్నారు కదా అని తోచి, మళ్ళీ మొదటికొచ్చేది. ఈసారి కనబడితే గట్టిగా నిలదీసి ఈ చిక్కేదో తేల్చుకోవాలనుకుంది.

కోపంతో కొన్ని నెలలుగా మానేసిన సమావేశానికి అందరికంటే ముందే వెళ్ళింది. నర్సు ఒక్కతే కుర్చీలు సర్దుతోంది.

“తికమక మాస్టారు వస్తారా సిస్టర్?”

“లేదమ్మా. పోయినవారం పోయారు.”



“అయ్యో. నాకింత బాగా పట్టిన మందు ఆయనకెందుకు పట్టలేదో!”

“ఆయనకి మందు వేళకెక్కడ అందింది?”

“ఏడాది పైన వేసుకున్నానన్నారే?”

“మాత్ర వేసుకున్నారు. అవి ఈ మందుని పరీక్షిస్తున్న రోజులు. సగం మందికి మందున్న మాత్ర, సగం మందికి అచ్చం అలాగే ఉండే ఉత్త మాత్ర. ఏది ఎవరిదో మింగేవాళ్ళకీ తెలీదు, ఇచ్చే నాకూ తెలీదు. రెండు జట్లనీ పక్కపక్కన పెట్టి చూస్తేనే కదా మందు గుణం తేలేది. చివర్లో ఆ గుట్టు విప్పి చూస్తే మాస్టారిది ఉత్త మాత్ర.”

“తెలిశాకైనా అసలుది ఇవ్వలేదా?”

“ఇచ్చారు. అప్పటికే మూలుగంతా రాయైపోయింది.”

ఆ రోజు ‘సగం మందికి’ అంటుండగా ఆయన్ని కూర్చోబెట్టిన సంగతి దర్జీకి గుర్తొచ్చింది. ఆయన చెప్పబోయింది ఇదేనని, తనే నోరు నొక్కేసిందని అర్థమై సిగ్గుతో చచ్చిపోయింది. నర్సునే అడిగింది.

“పాపం, ముందే తెలిసుంటే మధ్యలో మానేసేవారు కదా సిస్టర్?”

నర్సు చేతిలో కుర్చీ కింద పెట్టింది.

“పక్కవాళ్ళు కోలుకుంటుంటే తనొక్కరే దిగజారడం చూసి, తనది ఉత్త మాత్రేనని ఆయన ఎప్పుడో కనిపెట్టేశారమ్మా. ‘ఇష్టం లేకపోతే మానెయ్యండి మాస్టారూ’ అని నేనే చెప్తే, ‘నేను వెళ్ళిపోతే వాళ్ళని ఎవరితో పోల్చి చూస్తారు, రేపు వచ్చేవాళ్ళకి లెక్క తేలొద్దూ?’ అని ఆఖరి మాత్ర దాకా మింగారు.”