తిరిగొచ్చిన జవాబు

“అయితే సూరీ, నువ్వు సెప్పిన ఆ ఫంక్షను పనిలోకెల్లి తిరిగి రాకపోతే?” అంది కూర్మమ్మ, పొయ్యిలోకి సరుగుడు పుల్ల తోస్తూ.

అప్పలసూరి ఈ ప్రశ్న కోసమే కాచుక్కూచున్నాడు. పంతొమ్మిది వందల అరవై ఎనిమిది వేసవి సెలవులకు కాన్పూరు కాలేజీ నుంచి భావనపాడు వచ్చిన దగ్గర్నుంచీ వదినకు కంప్యూటరు పాఠం చెబుతున్నాడు. ప్రోగ్రాములో ఫంక్షనంటే పని మీద పంపే మనిషి లాంటిది, పిలిచినవాడు పని అప్పగిస్తాడు, అది ఎక్కడికెళ్లి ఏ తిప్పలు పడిందో వాడికి అనవసరం, పట్టుకొచ్చిన జవాబు ఒక్కటే కావాలి అని చెప్పాడు. పాఠం వట్టి వంక. అతని బాధ వేరే ఉంది.

“పిలిసినోడు అక్కడే నిలబడిపోతాడొదినా. జవాబొస్తేగానీ ముందుకెల్లడు.”

“ఎన్నాల్లు?”

“ఎవులో ఒకలు మిషనాపీదాకా.” సూరి గొంతు సవరించుకున్నాడు. “నువ్వూ అలాగే నిలబడిపోనావు. అన్న ఇంక రాడు. కళింగపట్నం సంబంధం మంచిది. మనోల్లలో మారుమనువు తప్పు కాదు గదా. ఆ గాజులు తీసీ.”

కూర్మమ్మ చేపల పులుసు దించింది.

సముద్రంలో తెప్ప బోల్తాపడి అన్న ఎర్రన్న గల్లంతయ్యేనాటికి ఆమెకు ఇరవయ్యేళ్లు కూడా నిండలేదు. అత్త పంపితే ఒడ్డు వెంట బారువ ఊరి దాకా ఒంటరిగా వెతుక్కుంటూ వెళ్లింది. కనబడలేదని వచ్చి చెప్పింది. శవం దొరకలేదు కనక గాజులు తియ్యలేదు. పిచ్చిదానికి ఇంకా ఆశ చావలేదు.

“ఒసే కోడలా!” లోపలి నుంచి పిలిచింది సూరి తల్లి దాలమ్మ.

ముసలామెకు చూపు లేదు. కూర్మమ్మ కంచం పట్టుకెళ్లి పక్కన కూచుంది. దాలమ్మ ముందు కోడలి ముంజేయి తడిమింది. గాజులు తగిలాక, “నా ఎర్రన్న ఉన్నాడు, వస్తాడు” అనుకుని అప్పుడు ముద్ద నోట పెట్టింది. రోజూ ఇదే తంతు. ఒకసారి గాజులు చిట్లిపోతే, కొత్తవి తొడుక్కొచ్చేదాకా పచ్చి మంచినీళ్లు ముట్టలేదు.

కన్నతల్లే అయినా సూరికి ఒళ్లు మండింది. ఈ పిచ్చే వదినకూ అంటుకుందనుకున్నాడు.

కూర్మమ్మ మళ్లీ పొయ్యి దగ్గరికి వచ్చింది. “సూరీ, ఆ ఫంక్షను తప్పుడు జవాబు తెచ్చిందనుకో. పిలిసినోడికి తెలుస్తాదా?”

“తెలీదు. అదే నిజమనుకుని ముందుకెలిపోతాడు.”

“ఆగిపోడు గదా?”

“ఆగడు.”

“అదే సాలు” అంది కూర్మమ్మ.

“ఏటి సాలు? ఎన్నాల్లిలా బతుకుతావు? అన్న సచ్చిపోనాడని నీకెలా సెప్పాలొదినా?” సూరికి ఏడుపొచ్చేసింది.

కూర్మమ్మ అత్త ఉన్న వైపు ఒకసారి చూసి, మరిది చెవి దగ్గరికి వంగింది.

“బారువ ఇసకలో మీయన్నను పూడ్సింది నేనే.”