కిటికీలోంచి కొండ

"ఎనిమిదో పేజీ!" అంటూ సోని నెట్ సెంటర్ కుర్చీలోంచి ఎగిరి గంతేసింది. "సెర్చ్‌లో మన సైటు ఎనిమిదో పేజీలో ఉంది!"

నెట్ సెంటర్ నడిపే ధనుంజయ్ నవ్వాడు. "ఎనిమిదో పేజీ దాకా ఎవులొత్తారు వదినా? జనం మొదటి పేజీ సూసి ఆగిపోతారు."

"నిన్నటికి అసలు లేనే లేం కదా!"

అది 2006. అరకులో ఇంటర్నెట్ వానకి ఒకలా, ఎండకి ఒకలా నడిచే రోజులు. సోని పాడేరులో డిగ్రీ చదివింది. ఆమె మొగుడు కామేష్ జీపు నడుపుతాడు. రైలు దిగిన టూరిస్టులని ఎక్కించుకుని లాడ్జీల చుట్టూ తిప్పుతాడు. సీజన్లో గదులు దొరక్క వాళ్లు పడే అవస్థంతా ఇంటికొచ్చి చెబుతాడు. అలా చెప్పిన ఒక సాయంత్రమే సోని వెబ్‌సైట్ పెడదామంది.

సైట్లో ముచ్చటగా రాసింది. ఊరి చివర కొండవాలు. రెండు గదులు. పొద్దున్నే గుమ్మం దాకా వచ్చే మంచు. బుకింగ్‌లు జనవరి నుంచి.

అత్త యర్రమ్మకి మాత్రం ఇదేం నచ్చలేదు.

"దసరా దాకా సూత్తాను. ఈలోగా ఒక్క మడిసైనా వొత్తానని రాయాల. రాత్తే నువ్వు సెప్పినట్టే సేద్దాం. నేకపోతే ఆ కంప్యూటర్ గోల మానేసి నాతో సేన్లోకి రా."

"మాటంటే మాటేనా అత్తా?"

"మాటంటే మాటే."

సోని పట్టు పట్టింది. సైటుకి మొదట 'సోని పారడైజ్' అని పేరు పెట్టుకుంది. ధనుంజయ్ తల కొట్టుకున్నాడు. "ఈ పేరు ఎవుడు కొట్టి వెతుకుతాడు? జనం నోట్లో మాట పెట్టాల." జనం ఏ మాటలతో వెతుకుతున్నారో చూపించే సైటొకటి తెరిచాడు. 'అరకులో కొండ కనిపించే గదులు' అని బోలెడుమంది వెతుకుతున్నారు. సోని ఆ మాటలనే పేజీకి పేరుగా పెట్టేసింది. సైటు ఎనిమిది నుంచి అయిదో పేజీకి ఎక్కింది.

"గదుల ఫోటోలేవి వదినా?"

"గదులు ఏ ఊళ్లోనైనా ఒకలాగే ఉంటాయి. జనం వచ్చేది కొండ కోసం" అంది సోని.

మర్నాడు పొద్దున్నే కెమెరా అరువు తెచ్చుకుని కిటికీలోంచి కొండని ఫోటో తీసింది. సరిగ్గా అప్పుడే గాలి లేచింది. కిటికీ ఊగింది.

"గట్టిగా పట్టుకోవయ్యా!"

"పట్టుకునే ఉన్నానే! బేగి తియ్యి, సేతులు లాగేత్తన్నాయి" అన్నాడు కామేష్.

ఫోటో అద్భుతంగా వచ్చింది. సెర్చ్‌కి కళ్లుండవని, పేరు చూసే బొమ్మని పోల్చుకుంటుందని ధనుంజయ్ చెప్పాడు. సోని ఫోటోకి కెమెరా ఇచ్చిన నంబరు తీసేసి 'కిటికీలోంచి అరకు కొండ' అని ఇంగ్లీషులో పేరు పెట్టింది. నాలుగో పేజీ!

ఆ ఊపులో కామేష్ ఒక ఘనకార్యం చేశాడు. ఎవరో టూరిస్టు చెప్పాడని, తెల్లటి పేజీ మీద తెల్లటి అక్షరాలతో 'అరకు అరకు అరకు' అని కిందదాకా నింపేశాడు. వారం తిరక్కుండా సైటు సెర్చ్‌లోంచి మాయమైపోయింది.

"ఏటి సేసినావయ్యా!" సోని నెత్తిన చేతులు పెట్టుకుంది.

"కనపడవు కదా అని..."

"మనుషులకి కనపడవు. సెర్చ్‌కి కనపడతాయి!"

ఆ చెత్తంతా తుడిచేశారు. క్షమించమని సెర్చ్ నడిపేవాళ్లకి ఉత్తరం పంపారు. ఎదురు చూశారు. చేన్లోంచి యర్రమ్మ కేకేసేది, "ఏటే గుంటా, ఇయ్యాల ఏ పేజీ?" అని. సోని చేతులు తిప్పి చూపించేది. ముసలామె ముఖం కూడా కాస్త వాడేది.

ఖాళీగా కూర్చోలేక సోని కొత్త పేజీ రాసింది. విశాఖ నుంచి వచ్చే రైల్లో ఏ వైపు కూర్చుంటే లోయ కనిపిస్తుంది, కాఫీ తోటలు ఎప్పుడు పూస్తాయి, సంతలో ఏం కొనుక్కోవాలి, అన్నీ చెప్పింది. రైలు ప్రయాణాల గురించి నెట్‌లో రాసే పిచ్చివాళ్లకి అది తెగ నచ్చింది. చదవమంటూ తమ సైట్లలో దాని లింకు పెట్టారు.

"నలుగురు నీ పేరు సెప్తే సెర్చ్ కూడా నమ్ముద్ది" అన్నాడు ధనుంజయ్.

నమ్మింది. మూడో పేజీ. రెండో పేజీ. దసరా ముందు ఒక ఉదయం, మొదటి పేజీ!

సోని అరిచిన అరుపుకి పక్కన టీకొట్టు వాళ్లు పరిగెత్తుకొచ్చారు. కామేష్ జీపు హారన్ కొడుతూ ఊరంతా చక్కర్లు కొట్టాడు. ఆ హడావుడి తగ్గకముందే మెయిల్లో ఉత్తరం వచ్చింది. బెంగళూరు నుంచి లక్ష్మీప్రసాద్ గారు. జనవరి చివర్లో కుటుంబంతో వస్తారట. రెండు గదులూ కావాలట. బోలెడు సందేహాలట.

గదులు పాతవా? 'సరికొత్తవి. మీరు వచ్చేసరికి ఇంకా సున్నం వాసన వస్తుంటుంది' అని రాసింది సోని.

ఎలకలుంటాయా? 'మా గదుల్లో ఇంతవరకు ఒక్కటీ కనిపించలేదు.'

ఇదివరకు దిగినవాళ్లు ఏమన్నారు? 'ఒక్కరు కూడా ఫిర్యాదు చేయలేదు.'

గంటలో జవాబొచ్చింది. గదులు ఖాయం చేయమన్నారు.

సోని ఆ కాగితం ప్రింటు తీసుకుని చేనుగట్టు మీద పరుగెత్తింది. వెనక కామేష్. ఉత్తరం చదివి వినిపిస్తుంటే యర్రమ్మ కొడవలి పక్కన పెట్టి నోరు తెరుచుకుని విన్నది. తర్వాత కోడలి బుగ్గలు రెండూ పట్టుకుని ఊపేసింది. ముగ్గురూ చేతులు పట్టుకుని అక్కడే థింసా అడుగులేశారు.

"మాటంటే మాటే" అంది యర్రమ్మ ఆయాసపడుతూ. "ఇంకా నిలబడ్డారేటి? జనవరి ఎంత దూరముంది? బేగి నడండి!"

ఆ మధ్యాహ్నమే ముగ్గురూ, ఫోటో రోజు కామేష్ పట్టుకున్న ఉత్త కిటికీ చట్రం కూడా మోసుకుని, ఖాళీ కొండవాలు మీదికెక్కి, రెండు గదులకీ పునాది ముగ్గు పోశారు.