కొంగ కాపలా

ముసలి కొంగకు చూపు మసకబారింది. అయినా మిట్టమధ్యాహ్నం మడుగులో నిలబడి, ఎండకు తళతళలాడే నీళ్ల మీద నుంచి కళ్లు తిప్పేది కాదు.

"ఎండవేళ కాసేపు నీడకు రా మామా. ఆ దూరపు కొండకేసి చూడు, కళ్లకు హాయిగా ఉంటుంది," అంది గట్టు మీది తాబేలు.

"నేను కొండను చూస్తుంటే నువ్వు నా చేపలు మింగుదామనా?"

"నేను నాచు తినేదాన్ని మామా!"

"దొంగలంతా ఇదే మాట చెబుతారు."

ఆ రోజు నుంచి కొంగ కళ్లల్లో వత్తులేసుకుని మరీ కాపలా కాసింది.

ఒక మధ్యాహ్నం ఆ తళతళల్లో సన్నగా ఏదో కదిలింది. చేపే అనుకుని బలంగా పొడిచింది. పొడుచుకున్నది తన కాలినే!

తాబేలు గట్టు మీద నీడలోనే ఉంది. కొంగ మాత్రం మడుగంతా వినబడేలా అరిచింది.

"నేను చెప్పలా! ఆ తాబేలు కొరికేసింది!"