పురుగు

సుబ్బులూ, నీ మోకాలు ఎలా ఉంది? మరిదిగారికి బీపీ తగ్గిందా? కోడలి దగ్గు పోయిందా? నాకు మాత్రం ఒళ్ళు మండిపోతోంది.

నిన్న మనవరాలు నిధి నన్ను అమెరికాలోని ఈ క్యారీ ఊరి చివర అడవి పార్కుకు తీసుకెళ్ళింది. బాట మీద ఎండుటాకుల్లో పాము! అడవిలో దాని పేరెత్తకూడదు కదా, "పురుగే, పురుగు!" అని అరిచాను.

"బగ్గే కదా అమ్మమ్మా!" అంటూ అది కాలు ముందుకే వేసింది. జడ పట్టుకుని వెనక్కి లాగేశాను.

మా అమ్మాయి నా మీదే ఎగిరింది. "స్నేక్ అని చెప్పొచ్చుగా అమ్మా, జుట్టు పట్టి లాగడమేంటి?" పురుగంటే ఏమిటో కన్నకూతురికి నేర్పని మనిషి నాకు బుద్ధులు చెబుతోంది!

పొద్దున్నే నిధి బూట్లు వేసుకొచ్చి, తన జడ నా చేతిలో పెట్టింది. "పద అమ్మమ్మా, పురుగుని చూద్దాం."

పన్నెండో తారీకు శనివారం మీ అబ్బాయి కారెక్కి నువ్వూ మాతో ఆ పార్కుకు రావాలి, ఖాయం. ముడి చుట్టుకోకు, జడేసుకుని రా.