పెళ్ళిళ్ళు ఆపే ఉద్యోగం

ఓబులేష్ నోరు తెరిస్తే చాలు, పెళ్ళి ఆగిపోతుందని ఆఫీసులో పేరు. పందిట్లో మీసాలు దువ్వుతూ కూర్చున్న పెద్దమనుషుల చేత కూడా 'సరేలేప్పా, పిల్లని చదివిస్తాం' అనిపించిన ఘటికుడు.

అలాంటివాడు కాడుగోడిలో పాపక్క ఇంటికొచ్చి కూర్చుని, ఇంతవరకూ గోడ వంక చూడటం తప్ప చేసిందేమీ లేదు.

పక్కన కూర్చున్న జ్యోత్స్నకు లోలోపల ఉడికిపోతోంది. మహదేవపురలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి, ఆడపిల్లల చదువుల కోసం పనిచేసే ఈ సంస్థలో ఈమధ్యే చేరింది. పని నేర్పమని ఆమెను ఓబులేష్‌కు అప్పగించారు. వస్తూ వస్తూ బస్సులోనే అతను పాఠం చెప్పాడు.

"పోతానే చట్టం మాట ఎత్తొద్దమ్మా. వాళ్ళిచ్చే నీళ్ళు తాగు. ముందు అక్కా అని పిలువు. ఈ పొద్దు నువ్వే మాట్లాడు. నీ మాటన్నా వింటారేమో."

పాపక్క కూతురు మునిలక్ష్మి తొమ్మిదో తరగతి. లెక్కల్లో క్లాసుకు ఫస్టు. ఉన్నట్టుండి బడి మానేసింది, పెళ్ళి చేస్తున్నారట అని టీచరే ఆఫీసుకు ఫోన్ చేసింది.

ఆ పిల్లే నీళ్ళు తెచ్చింది. జ్యోత్స్నకు గ్లాసు చేతికిచ్చింది. ఓబులేష్ గ్లాసు నేల మీద పెట్టి, తలెత్తకుండా లోపలికి వెళ్ళిపోయింది.

"ఇంత చిన్నపిల్లకి పెళ్ళేంటక్కా? బాగా చదువుతుంది కదా!" అంది జ్యోత్స్న.

"నాకు మాత్రం సంబరమా?" అంది పాపక్క. "మొగుడు పోయినాడు. నేను తెల్లారకముందే అపార్ట్‌మెంట్లో కెలసానికి, ఇంటిపనులు చేసేకి పోవల్ల. ఇంట్లో ఇది ఒక్కతే ఉండాది. ఎవడో పోకిరోడు స్టేషన్ కాడినుంచి ఎనకాలే వస్తా ఉండాడు. రేపు ఏమన్నా అయితే మీ ఆఫీసోళ్ళు వచ్చి కాపలా ఉంటారా?"

జ్యోత్స్న ఓబులేష్ వైపు చూసింది.

అతను పాపక్క వైపు తిరిగాడు. "హాస్టల్ ఉండాది కదక్కా. పదో తరగతన్నా కానీ. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"నువ్వు సుమ్నే నోరు మూసుకోనుండప్పా. ఈ సంబంధం తప్పితే మాలూరులో లారీ ఆయన కాచుకోనుండాడు. వానికి రెండో పెళ్ళి. పిల్లని వానికి ఇచ్చేయమంటావా?"

ఓబులేష్ మళ్ళీ గోడ వంక చూశాడు.

జ్యోత్స్న గొంతు తగ్గించింది. "సార్, హెల్ప్‌లైన్‌కి కాల్ చేద్దాం."

"పోలీసులు వస్తారు. ఆయమ్మను తీసుకుపోతారు."

"తీసుకెళ్ళనివ్వండి. వేరే ఇంట్లో పెళ్ళికి మీరే కాల్ చేశారంట కదా?"

చేశాడు. చేసి, ఆ రోజు హాయిగా భోంచేశాడు కూడా. ఇప్పుడు జేబులోంచి ఫోన్ తీశాడు. కాసేపు దాన్నే చూశాడు. మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాడు.

జ్యోత్స్నకు ఒళ్ళు మండింది. ఈయన దగ్గరా తను పని నేర్చుకోవాల్సింది? అమ్మ వద్దు వద్దని మొత్తుకుంటున్నా ఉద్యోగం వదిలి వచ్చింది ఇందుకా?

లోపలి గదిలో మునిలక్ష్మి నోరు నొక్కుకుని ఏడుస్తోంది. ముగ్గురికీ వినిపిస్తూనే ఉంది. ఎవరూ లేవలేదు.

ఇక జ్యోత్స్న ఊరుకోలేకపోయింది. "పెళ్ళికొడుకు ఎలాంటివాడక్కా?"

"బంగారమమ్మా. తాగడు. చదువుకున్నోడు. నెల జీతం ఉండాది."

"చదువుకున్నవాడా! మరి సిగ్గు లేదా? ఇష్టపడే చేసుకుంటున్నాడా?"

"యాడ ఇష్టం? వద్దు వద్దని నా ముందరే ఏడ్చినాడు. అయినా నా మాట ఎప్పుడూ దాటలేదు, ఇప్పుడూ దాటడు."

జ్యోత్స్నకు ప్రాణం లేచి వచ్చింది. పెళ్ళికొడుకే వద్దంటున్నాడు! ఇంకేం కావాలి? గట్టిగా ఎదురుతిరగమని అతనికి ఎవరైనా ధైర్యం చెబితే చాలు.

"పోదాం పామ్మా," అంటూ ఓబులేష్ లేచి నిలబడ్డాడు.

"మీరు వెళ్ళండి సార్. మీ వల్ల కాదు," అంది జ్యోత్స్న, కూర్చున్నచోటి నుంచి కదలకుండా. "అక్కా, అతనితో నేను మాట్లాడతాను. ఎక్కడుంటాడో చెప్పండి, ఇప్పుడే వెళ్తాను."

పాపక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"యాడికీ పోయే పన్లేదమ్మా, నీ పక్కనే నిలబడుకోనుండాడు కదా, నా తమ్ముడు."