జానెడు సందు

సందు మళ్లీ మూసుకుపోయి ఉంది.

కూతురు బ్యాగును అటూ ఇటూ తిప్పి చూసింది. లైనింగు అడుగున జానెడు మేర కుట్టకుండా వదిలిన చోట ఇప్పుడు మిషను కుట్టు ఉంది. అదీ ఒక్క వరస కాదు. అంచుకు అంగుళం లోపలగా, గడియ మీద గడియ వేసినట్టు మూడు వరసలు.

"అమ్మా!"

అమ్మ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేసింది. కూతురు స్నానం చేసి వచ్చేదాకా ఆ గదిలో ఉన్నది ఆవిడొక్కతే.

"ఏమైందే అమ్మడూ? చెయ్యి కోసుకున్నావా?"

"నా చెయ్యి బాగానే ఉంది. నీ చేతికే ఏదో అయింది. బ్యాగు మొత్తం తిరగేసి కుట్టి, ఈ సందులోంచే బయటికి లాగాలని నీకు తెలీదూ? దీన్నీ కుట్టేస్తే ఇంకెక్కణ్ణుంచి లాగను?"

"నేను ముట్టుకోలేదే. నీ మీద ఒట్టు."

"నా మీద వెయ్యకు. మొన్నా ఇలాగే వేశావు."

నాన్న కరెంటు మేస్త్రీ. పనికి వెళ్లబోతూ గుమ్మంలో ఆగాడు. "విప్పేస్తే పోలా?" అన్నాడు.

విప్పితే పోదు. లోపలి గుడ్డ నీళ్లు పట్టని రకం. సూది దిగిన ప్రతిచోటా బెజ్జం మిగిలిపోతుంది. మళ్లీ కొత్త లైనింగు కత్తిరించాలి. ఫోము పెట్టి గళ్లు గళ్లుగా కుట్టిన పై గుడ్డకు దాన్ని చేర్చి, చుట్టూ మళ్లీ కుట్టాలి.

అంత టైము లేదు. పట్నంలో బ్యాగులు కుట్టే కంపెనీ పిల్లను పనిలోకి తీసుకుంది. సొంతంగా కుట్టిన బ్యాగు ఒకటి పట్టుకుని సోమవారం రమ్మంది. బ్యాగు లేకపోతే ఆ చోటు ఇంకో అమ్మాయికి. బస్సు ఈ సాయంత్రమే.

"మీ అమ్మ ఒంట్లో ఉన్నవి నరాలు కావే, ఫ్యూజులు," అన్నాడు నాన్న. "నువ్వు ఊరు దాటతానంటే కొట్టేయవూ! కాలేజీ వాళ్లు విహారయాత్ర అంటే నీ చెప్పులు పిండి డబ్బాలో దాచిన మనిషి!"

చెప్పులు దాచిన మాట నిజం.

ఆవిడ భయాలకు అంతూపొంతూ లేదు. బస్సు డ్రైవరు కునుకు తీస్తాడు. హాస్టల్లో గ్యాసు లీకవుతుంది. లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోతుంది. పిల్లకు అన్నం కలిపి పెడుతూ ముద్దకో భయం చెప్పి పెంచింది.

కానీ ఈసారి ఆవిడ నిజంగానే పంపాలనుకుంది. తాను ఒంటరిగా వీధి మలుపు దాటి ఎన్నేళ్లయిందో గుర్తే లేదు. పిల్లకు ఆ బతుకు వద్దు.

మరి కుట్టిందెవరు?

అమ్మ తన చేతులకేసి చూసుకుంది. మనసు పంపుదామంటోంది. ఈ చేతులు వినడం లేదేమో. తనకు తెలియకుండానే ఇవి మిషను దగ్గరికి పోతున్నాయేమో.

"ఇంకో లైనింగుకు గుడ్డ ఉంది. ఇదే ఆఖరు," అంది. "నేను కత్తిరించి ఇస్తా. నువ్వు కుట్టు. అయ్యేదాకా నన్ను వంటింట్లో పెట్టి బయట గడియ వేసెయ్యండి."

నాన్న నవ్వబోయి, ఆవిడ మొహం చూసి మానేశాడు.

"అంత అవసరమా అమ్మా?" కూతురి గొంతు తగ్గింది.

"నాకు నా మీదే నమ్మకం లేదు. వెయ్యమంటున్నాగా."

నాన్నే గడియ వేశాడు. "బస్సు వేళకు వచ్చేస్తా. ముందు బ్యాగు బయటికి రావాలి, ఆ తర్వాతే మీ అమ్మ," అంటూ వెళ్లిపోయాడు.

వంటిల్లు మనిషి చేతులు చాపితే గోడలు తగిలేంత. కంచాలు అందించే చిన్న కిటికీ ఒకటి గదిలోకి ఉంది. అమ్మ దానికి వీపు తిప్పి పీట మీద కూర్చుంది. చూపు పడితే మళ్లీ చెయ్యి లాగుతుందని భయం. గాలి ఆడటం లేదు. గ్యాసు నాబు తడిమింది. కూర్చుంది. మళ్లీ లేచి తడిమింది. ఏదైనా అంటుకుంటే తలుపు తీసేదెవరు? అయినా పిలవలేదు. చీర కొంగు నోట్లో కుక్కుకుని మిషను చప్పుడు వింటూ కూర్చుంది.

ఫోము మందం దగ్గర మిషను మూలిగింది. మూల తిరిగేచోట ఆగింది. మళ్లీ సాగింది.

"అమ్మా, లిఫ్టు ఆగిపోతే ఎవర్ని పిలవాలి?" మధ్యలో కూతురు అడిగింది.

"వెక్కిరించింది చాల్లే. ముందు కుట్టు."

చివరికి చప్పుడు ఆగింది.

"అయిపోయిందమ్మా. ఇక తిప్పడమే."

"సందు వదిలావా?"

"జానెడు."

అమ్మ కళ్లు తుడుచుకుంది. తన చేతులు తన ఒళ్లోనే ఉన్నాయి. గడియ బయట ఉంది. ఈసారి పిల్ల వెళ్లిపోతుంది. బస్సు ఎక్కుతుంది, లిఫ్టు ఎక్కుతుంది, ఏమైనా కానీ, వెళ్లిపోతుంది.

గదిలో మిషను మళ్లీ మొదలైంది.

తిప్పడానికి మిషనెందుకు? అమ్మ పీట మీంచి లేచి కిటికీలోంచి చూసింది.

కూతురు, కళ్లనీళ్లు గడ్డం దాకా కారుతుంటే, తన చేతులతో తానే ఆ సందును ఈ కొస నుంచి ఆ కొస దాకా కుట్టేస్తోంది.