ఆపరేషన్ కాలు

వైబ్రేషన్ ప్లేట్ గుయ్యిమంటోంది. మోకాళ్లు కాస్త వంచి, కడ్డీ పట్టుకుని దాని మీద నిలబడింది అమ్మాయి. పాదాల నుంచి పళ్ల దాకా ఒకటే వణుకు. ఎదురుగా అద్దాల తలుపు. దాని అవతల నాన్న, గడియారం చూసుకుంటూ అటూ ఇటూ పచార్లు చేస్తున్నాడు.

మోకాలి లిగమెంట్‌కి ఆపరేషనై ఏడాది కావస్తోంది. అప్పట్నుంచీ పాపం ఇదే గది, ఇదే మిషన్. ఊపిరాడటం లేదు పిల్లకి.

నాన్నే కోచ్. మైదానంలో ఆయన్ని సర్ అనాలి, ఇంట్లో నాన్నా అనాలి. ఈమధ్య ఇంట్లోనూ సర్ అనే వచ్చేస్తోంది నోటికి. లాంగ్ జంప్‌లో తనకి దక్కని పతకం కూతురికి దక్కాలని ఆయన పంతం. ఆదివారం సెలెక్షన్స్. ఇవాళ్టి పరీక్ష నెగ్గితేనే మైదానంలోకి అనుమతి.

ఇక ఆగలేక నాన్న లోపలికి, ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి వచ్చేశాడు.

"నొప్పిగా ఉందన్న రోజున కూడా దూకించాను మేడమ్. అంత మొండి పిల్లని ఈ నాలుగు గోడల మధ్య కట్టిపడేశారు."

లిగమెంట్ తెగింది ఆ రోజే. ఆ సంగతి ఫిజియో ఆవిడకీ తెలుసు. మిషన్ ఆపి, నేల మీద కొలత టేపు పరిచింది.

"ముందు మంచి కాలితో గెంతమ్మా. తర్వాత ఆపరేషన్ కాలితో. రెండూ ఇంచుమించు సమానంగా రావాలి."

మంచి కాలితో అవలీలగా గెంతింది. నాన్న మొహం వెలిగిపోయింది.

ఇప్పుడు రెండోది. అమ్మాయి కళ్లు మూసుకుంది. పెదవి కొరుక్కుంది. గెంతింది. సగం దూరంలోనే తూలి కూలబడింది.

"ఇంకోసారి! భయపడకు, నేనున్నాగా!" అరిచాడు నాన్న.

ఇంకోసారీ అంతే.

ఫిజియో టేపు చుట్టేసింది. "లాభం లేదండీ. సెలెక్షన్స్ సంగతి మర్చిపోండి. ఇంకొన్ని నెలలు ఇక్కడికి రావాల్సిందే."

అమ్మాయి మొహం చేతుల్లో దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

"చూశారా, నా బిడ్డ ఎలా కుమిలిపోతోందో! మీరూ, మీ మిషన్లూ!" అన్నాడు నాన్న. కూతురి వైపు చూడలేకపోయాడు. "అయ్యాక ఇంటికి వచ్చేయమ్మా" అని, తలుపు దభాలున వేసి వెళ్లిపోయాడు.

అమ్మాయి కుంటుకుంటూ మళ్లీ ప్లేట్ వైపు నడిచింది. కింద స్కూటర్ స్టార్టయిన చప్పుడు. ఫిజియో కిటికీలోంచి వీధి చివరిదాకా చూసి, వెనక్కి తిరిగింది.

"మీ నాన్న వెళ్లిపోయారు, ఇక కుంటడం ఆపమ్మా."